వారంటీ ముగిశాక పాడైన సెకండ్ హ్యాండ్ పరికరానికి విక్రేత బాధ్యత వహించాలా?

చూపరి:
వాడిన ఎలక్ట్రానిక్ పరికరాలను బాగుచేసి అమ్మే ఒక సంస్థ వద్ద నేను ల్యాప్‌టాప్ కొన్నాను. బిల్లు మీద మూడు నెలల వారంటీ అని ఉంది. ఆ గడువు దాటిన కొద్ది వారాలకు తెర మీద అడ్డగీతలు కనిపించడం మొదలై, ఆ తరువాత యంత్రం పూర్తిగా ఆగిపోయింది. అది కింద పడలేదు, నీరు తగలలేదు. సంస్థ వారు మాత్రం వారంటీ ముగిసింది కనుక తమకు సంబంధం లేదని, మదర్‌బోర్డు మార్చాలంటే ఖర్చంతా నాదేనని తేల్చిచెప్పారు. వారంటీ గడువు తీరిన మరునాటి నుంచి కొనుగోలుదారుకు ఏ హక్కూ మిగలదా? మిగులుతుందంటే, ఎవరి మీద, ఎంతకాలం?

పాతబంగారం:
ఈ వ్యాపారంలోనే ఉన్నవాణ్ని కనుక అవతలి పక్షం చెబుతాను. వాడిన పరికరం చవకగా దొరకడానికి కారణమే అందులోని అనిశ్చితి. కొత్తదాని ధరలో కొంత భాగమే చెల్లించినవారు కొత్తదానికి ఉండే భరోసా మొత్తాన్ని కోరితే, ఆ భరోసా ఖరీదును మేము ధరలోనే కలుపుకోవలసి వస్తుంది, అప్పుడు చవక అన్న మాటే ఉండదు. పైగా అమ్మిన తరువాత ఆ యంత్రాన్ని ఎవరు ఎంత వేడిలో, ఎలాంటి ఛార్జర్‌తో వాడారో మాకు తెలిసే దారి లేదు. మూడు నెలలని ముందే చెప్పాం, చూసుకున్నారు, ఒప్పుకొని కొన్నారు. ఒప్పందానికి విలువ లేకపోతే గడువు రాయడం దేనికి?

తూనికరాయి:
పాతబంగారం గారి వాదనలో రెండు వేర్వేరు విషయాలు ఒకటిగా కలిసిపోయాయి. వారంటీ అనేది విక్రేత గానీ తయారీదారు గానీ తమంతట తాము ఇచ్చే మాట. అమ్మిన వస్తువు వర్ణనకు తగినట్టుగా, తగిన నాణ్యతతో ఉండాలన్నది చట్టం విధించే బాధ్యత. మొదటిది ముగిసినంత మాత్రాన రెండవది ముగియదు.

యూరోపియన్ యూనియన్‌లో 2022 జనవరి 1 నుంచి వర్తిస్తున్న 2019/771 ఆదేశం (సభ్యదేశాలు తమ చట్టాల్లో చేర్చుకోవలసిన ఉమ్మడి నియమావళి) ప్రకారం వ్యాపారి అమ్మిన వస్తువు మీద చట్టబద్ధమైన బాధ్యత కనీసం రెండేళ్లు ఉంటుంది. వాడిన వస్తువుల విషయంలో, సభ్యదేశం అనుమతిస్తే, ఇరుపక్షాలు ఆ కాలాన్ని తగ్గించుకోవచ్చు గానీ ఏడాదికి తక్కువగా తగ్గించడానికి వీల్లేదు. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం వాడిన వస్తువులకూ వర్తిస్తుంది. నాణ్యతను కొలిచేటప్పుడు ధరను, వర్ణనను, ఇతర పరిస్థితులను లెక్కలోకి తీసుకుంటుంది తప్ప, పాతది కనుక నాణ్యతే అక్కర్లేదని అనదు. ఆస్ట్రేలియాలో 2011 నుంచి అమలులో ఉన్న వినియోగదారుల చట్టం కూడా దాదాపు ఇదే దారిలో నడుస్తుంది. ఈ చోట్ల వ్యాపారి బిల్లు మీద ఎంత తక్కువ గడువు ముద్రించినా చట్టం ఇచ్చినది తగ్గిపోదు.

భారతదేశంలో ఇంత స్పష్టమైన కాలపరిమితి లేదు. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలోని 16వ సెక్షన్, ఆ రకం సరుకు అమ్మే వ్యాపారి వర్ణన ఆధారంగా అమ్మిన వస్తువు విక్రయయోగ్యమైన నాణ్యతతో ఉండాలన్న షరతును అంతర్లీనంగా విధిస్తుంది. అయితే స్పష్టమైన ఒప్పందంతో అలాంటి షరతులను తొలగించుకునే వీలును అదే చట్టంలోని 62వ సెక్షన్ ఇస్తుంది, కనుక బిల్లు వెనుక ఏం రాసి ఉందో చూపరి గారు ఒకసారి చదువుకోవాలి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మాత్రం వినియోగదారు అన్న నిర్వచనంలో సెకండ్ హ్యాండ్ కొనుగోలును ఎక్కడా మినహాయించలేదు. తిరిగి అమ్మడానికి కొన్నవారినీ, వ్యాపార ప్రయోజనం కోసం కొన్నవారినీ మినహాయించింది. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు.

ఇన్ని చెప్పిన తరువాత కూడా ఒక మాట మిగిలి ఉంది. ఈ చట్టాలన్నీ అడిగేది వస్తువు ఎప్పుడు పాడైందని కాదు, అమ్మిన నాటికే అందులో లోపం ఉందా అని. నిజమైన పోరు అక్కడే జరుగుతుంది.

సర్క్యూట్:
ఆ ప్రశ్నకు బల్ల మీద జవాబు దొరుకుతుందని మరమ్మతు పని చేసేవాడిగా చెప్పగలను. అన్నిసార్లూ కాదు, కానీ జనం అనుకునేదానికంటే చాలా ఎక్కువసార్లు.

చూపరి గారు వర్ణించిన లక్షణాన్నే తీసుకోండి. అడ్డగీతలు, ఆ తరువాత పూర్తిగా ఆగిపోవడం అంటే తెర మీద బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ చిప్ మీద అనుమానం వెళుతుంది. అలాంటి చిప్‌కూ బోర్డుకూ మధ్య చిన్న చిన్న టంకం గుళికలు ఉంటాయి. వేడెక్కి చల్లబడడం వేలసార్లు జరిగాక ఆ గుళికల్లో గానీ, చిప్ లోపలి అతుకుల్లో గానీ పగుళ్లు వస్తాయి. సరైన వైద్యం చిప్‌ను మార్చడం. చవక వైద్యం మాత్రం వేడి గాలితో దాన్ని కాల్చి వదిలేయడం. సీసం లేని టంకం సుమారు 217 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరగడం మొదలవుతుంది. ఆ మేరకు వేడి చేస్తే, కొన్నిసార్లు అంతకంటే తక్కువ వేడికే, విడిపోయిన అతుకులు తాత్కాలికంగా కలుస్తాయి. యంత్రం లేచి కూర్చుంటుంది, పరీక్షలన్నీ దాటుతుంది, కొన్ని వారాలో నెలలో పనిచేసి మళ్లీ పడిపోతుంది. ఇలా కాల్చిన బోర్డును తెరిచి చూస్తే చిప్ అంచుల వెంట ఫ్లక్స్ (టంకం అతకడానికి పూసే పదార్థం) మరకలు, చుట్టుపక్కల రంగు మారిన భాగాలు, కాస్త జరిగిన చిన్న విడిభాగాలు కనిపిస్తాయి. అది కొన్నవారి చేతిలో జరిగే పని కాదు. ఆ ల్యాప్‌టాప్‌ను అంతకుముందు ఎవరో కాల్చి ఉంటే, అమ్మిన రోజునే అందులో లోపం ఉన్నట్టు.

నీరు తగిలిందా లేదా అన్నదీ తేలే విషయమే. చాలా ఫోన్లలో తడి తగిలితే తెలుపు నుంచి ఎరుపుకు మారే గుర్తులు ఉంటాయి, కనెక్టర్ల మీద తుప్పు ముదురును బట్టి అది పాతదో కొత్తదో ఉజ్జాయింపుగా చెప్పవచ్చు. డేటా దాచే ఎస్‌ఎస్‌డీ తాను ఎన్ని గంటలు నడిచిందో, ఎంత డేటా రాయించుకుందో తనలోనే నమోదు చేసుకుంటుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ ఛార్జ్ సైకిళ్ల సంఖ్యను, అంటే ఎన్నిసార్లు పూర్తిగా నిండి ఖాళీ అయిందన్న లెక్కను దాచుకుంటుంది.

బ్యాటరీ విషయంలో మాత్రం నేను విక్రేతల పక్షమే. లిథియం అయాన్ బ్యాటరీ వాడకంతో తరిగిపోయే వస్తువు. 2025 జూన్ 20 నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమ్మకానికి వచ్చే కొత్త ఫోన్ల బ్యాటరీలు 800 సైకిళ్ల తరువాత కూడా మొదటి సామర్థ్యంలో కనీసం 80 శాతం నిలుపుకోవాలని నిబంధన పెట్టారంటే, కొత్త బ్యాటరీ నుంచి కూడా నియమం ఆశిస్తున్నది అంతవరకేనని అర్థం. మూడేళ్లు వాడిన ఫోన్ కొని, ఛార్జింగ్ సాయంత్రం దాకా నిలవడం లేదని ఫిర్యాదు చేయడం న్యాయం కాదు. ఉబ్బిన బ్యాటరీ సంగతి వేరు, అది భద్రతకు సంబంధించినది.

పాతబంగారం:
సర్క్యూట్ గారు చెప్పిన, చిప్‌ను వేడి గాలితో కాల్చే పని ఈ రంగంలో జరుగుతుందని నేను కాదనను, అలా చేసేవారిని నేనూ సమర్థించను. నా అభ్యంతరం మరొకచోట ఉంది. యూరోపియన్ ఆదేశం ప్రకారం వస్తువు చేతికి వచ్చిన మొదటి ఏడాదిలో బయటపడిన లోపం మొదటినుంచీ ఉన్నదేనని భావిస్తారు, కాదని నిరూపించుకోవలసింది వ్యాపారి. బ్రిటన్‌లో ఆ కాలం ఆరు నెలలు. పెద్ద సంస్థకు ప్రయోగశాల ఉంటుంది, నిపుణులు ఉంటారు. కార్యాలయాలు వదిలించుకున్న యంత్రాలను గుత్తగా కొని, వాటి పూర్వచరిత్ర ఏమిటో తెలియకుండానే అమ్ముకునే చిన్న వ్యాపారి ఆ రుజువును ఎక్కడి నుంచి తేవాలి? తనకే తెలియని లోపానికి అతణ్ణి బాధ్యుణ్ణి చేయడంలో ఏ న్యాయం ఉంది?

తూనికరాయి:
తెలియకపోవడం వ్యాపారికి ఎంత ఉందో కొనుగోలుదారుకు అంతకంటే ఎక్కువ ఉంది. ఇద్దరిలో యంత్రాన్ని తెరిచి చూసే అవకాశం, పనిముట్లు, వందల యంత్రాలు చూసిన అనుభవం ఎవరికున్నాయో వారి మీదే రుజువు భారం పడడం నాకు సమంజసంగానే కనిపిస్తుంది. లోపం మొదటినుంచీ ఉందన్న ఆ భావన కూడా అపరిమితమైనది కాదు. వస్తువు స్వభావానికో లోపం స్వభావానికో అది పొసగదంటే వర్తించదని ఆదేశమే చెబుతుంది. సర్క్యూట్ గారు చెప్పిన బ్యాటరీ అరుగుదల అందుకు మంచి ఉదాహరణ.

మరొక సంగతి మీరు గమనించాలి. లోపాన్ని ముందే ప్రత్యేకంగా చూపించి అమ్మిన వ్యాపారిని ఈ చట్టాలు వదిలేస్తాయి. బ్రిటన్‌లో కొనుగోలుదారు దృష్టికి తెచ్చిన లోపం మీద తరువాత ఫిర్యాదు నిలవదు. యూరోపియన్ ఆదేశం ఇంకాస్త గట్టిగా, ఫలానా లక్షణం సాధారణ స్థాయికి తగ్గి ఉందని విడిగా చెప్పి, కొనేవారి నుంచి విడిగా, స్పష్టంగా ఒప్పుకోలు తీసుకోవాలంటుంది. కాబట్టి ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నామని ఒక్క ముక్క బిల్లు అడుగున ముద్రిస్తే అక్కడ సరిపోదు. ఈ బోర్డు మీద గతంలో మరమ్మతు జరిగిందని రాసి సంతకం పెట్టించుకుంటే సరిపోతుంది. చిన్న వ్యాపారికి ఇది ఖరీదైన పని కాదు, ఒక కాగితం పని. రాయడానికి ఇష్టం లేకపోవడానికి కారణం, రాస్తే ఆ ధరకు అమ్ముడుపోదన్నదే అయితే, ఆ నష్టాన్ని చెప్పకుండా కొనుగోలుదారు నెత్తిన పెట్టడాన్ని ఒప్పందం అనలేం.

కొత్తగాచేరా:
మధ్యలో ఒక సందేహం. నేను వాడుకున్న ఫోన్‌ను ఒక తెలియని వ్యక్తికి ఆన్‌లైన్‌లో అమ్మాను. ఇప్పుడది పనిచేయడం లేదని సందేశాలు పంపుతున్నారు. ఈ బాధ్యతలన్నీ నాకూ వర్తిస్తాయా?

తూనికరాయి:
మీరు వ్యాపారి కారు కనుక పైన చెప్పిన నాణ్యత బాధ్యతలు సాధారణంగా మీకు వర్తించవు. అయితే అబద్ధం చెప్పి అమ్మడానికి అది లైసెన్సు కాదు. నీరు తగలలేదని రాసి, తగిలిన ఫోన్‌ను అమ్మితే ఆ వర్ణనకు మీరు జవాబుదారే. దొంగ సొత్తు కాకూడదన్న నియమం అందరికీ ఒకటే.

చూపరి:
అందరికీ ధన్యవాదాలు. నా ల్యాప్‌టాప్‌ను ఇప్పుడే మరెక్కడైనా బాగుచేయించి, ఆ ఖర్చును సంస్థ నుంచి అడగవచ్చా?

సర్క్యూట్:
దయచేసి ఇప్పుడు ఎవరి చేతా బాగుచేయించకండి. కొత్త వేడి తగిలిన క్షణాన పాత వేడి జాడ చెరిగిపోతుంది. సంస్థతో సంబంధం లేని మరమ్మతుదారు దగ్గర తెరిపించి, బోర్డు రెండు వైపులా దగ్గర నుంచి స్పష్టమైన ఫొటోలు, సీరియల్ నంబరు కనిపించేలా ఒకటి, పరిశీలనలో కనిపించినదేమిటో సంతకంతో ఒక కాగితం తీసుకోండి. తెరిచినందుకే హక్కు పోయిందని వారు అనే అవకాశం ఉంది కనుక, పలానా రోజున తెరిపిస్తున్నామని, కావాలంటే వచ్చి చూడవచ్చని ముందుగా వారికి ఈమెయిల్ పంపడం మేలు.

తూనికరాయి:
ఆ ఈమెయిల్‌లోనే లోపాన్ని వివరించి, మరమ్మతు గానీ డబ్బు వాపసు గానీ కోరి, జవాబుకు గడువు పెట్టండి. ఫోన్‌లో మాట్లాడినవి తరువాత రుజువు చేయడం కష్టం. భారతదేశంలో అయితే, పరీక్ష లేకుండా లోపం తేలదనుకున్నప్పుడు వస్తువును తగిన ప్రయోగశాలకు పంపే అధికారం వినియోగదారుల కమిషన్‌కు ఉంది. రుసుము మొదట ఫిర్యాదుదారే కట్టవలసి ఉంటుంది. రుజువు ఎలా తేవాలన్న పాతబంగారం గారి ప్రశ్నకు కూడా ఇది కొంతవరకు సమాధానం.

పాతబంగారం:
కొంతవరకే. ఆ బోర్డును ఎవరో కాల్చారని తేలితే సంస్థ డబ్బు తిరిగివ్వాలని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఎంత ఇవ్వాలి? ఇన్ని నెలలు యంత్రం పనిచేసింది, చూపరి గారు దానితో పని చేసుకున్నారు. ఆ వాడకం విలువను తగ్గించకుండా మొత్తం ధర అడగడం సబబు కాదని నా అభిప్రాయం.

తూనికరాయి:
బ్రిటన్ చట్టం ఈ ప్రశ్నను మీకు సగం అనుకూలంగా తేల్చింది. మొదటి ఆరు నెలల్లో వస్తువును తిరస్కరిస్తే, అంటే వెనక్కిచ్చి డబ్బు అడిగితే, మోటారు వాహనాలకు తప్ప, వాడకం కింద కోత వేయకూడదు. ఆ తరువాత తిరస్కరిస్తే వేయవచ్చు. చూపరి గారి యంత్రం ఆగిపోయింది ఆరు నెలలలోపే కాబట్టి, ఆ గడువు దాటకముందే తిరస్కరిస్తే ఆ లెక్కన మొత్తం ధర రావాలి.

పాతబంగారం:
మూడేళ్లు పనిచేస్తుందని ఎవరూ హామీ ఇవ్వని యంత్రానికి ఆరు నెలలు ఉచితంగా వాడుకునే హక్కు ఎందుకన్నదే నా ప్రశ్న. దానికి జవాబు మీరింకా చెప్పలేదు.