మా అక్క కొడుకు ఆ అమ్మకి సారీ చెప్పాలంటున్నాడు, ఎలా వెళ్లాలి?

అందరికీ నమస్తే. మాది సికింద్రాబాద్ వైపు. మా అక్క కొడుక్కి 16 ఏళ్లు, ఫ్రెండ్ బైక్ తీసుకుని రాంగ్ రూట్‌లో వెళ్లి కూరగాయల తోపుడు బండిని గుద్దేశాడు. చక్రం వంగిపోయింది, టమాటాలన్నీ రోడ్డు మీద నలిగిపోయాయి, ఆ బండి మీద కూరగాయలమ్మే పెద్దావిడ మణికట్టు విరిగింది. విషయం జువెనైల్ జస్టిస్ బోర్డు (మైనర్ల కేసులు చూసే బోర్డు) ముందు ఉంది. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం కౌన్సెలింగ్, సమాజ సేవ లాంటివి చేయమనొచ్చు, సరే, కానీ అందులో ఆమెకి నేరుగా అందేది ఏముంది? వీడేమో సరిగ్గా తినట్లేదు, ఆమె చేతికి కట్టు విప్పేదాకా పొద్దున్నే బండి నేనే తోస్తా అంటున్నాడు. మేం ఇంటికి వెళ్తే రాజీ పడమని ఒత్తిడి చేస్తున్నామనుకుంటుందేమోనని టెన్షన్‌గా ఉంది, ఇప్పటికే దెబ్బ తిన్న మనిషిని మళ్లీ భయపెట్టకూడదు కదా. ముందు బోర్డుని అడగాలా, ప్రొబేషన్ ఆఫీసర్ (ఇలాంటి కేసుల్లో పిల్లాడి విషయాలు చూసే అధికారి) ద్వారా కబురు పంపాలా? ఇలా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.