చీరల షోరూమ్ నుంచి మాల్‌లో విజువల్ మర్చండైజర్ (వీఎం) పోస్టుకు: ఇంటర్వ్యూలో ఏం చూస్తారు?

ప్రశ్న:
అందరికీ నమస్తే. కూకట్‌పల్లిలో ఒక చీరల షోరూమ్‌లో సేల్స్ చేస్తున్నాను. బొమ్మలకు చీరలు కట్టడం, ముందు అద్దాల్లో డిస్‌ప్లే పెట్టడం కూడా నా పనే. కొండాపూర్‌లోని ఒక మాల్‌లో రెడీమేడ్ బ్రాండ్ వాళ్లు విజువల్ మర్చండైజర్, అంటే షాపులో డిస్‌ప్లేలు పెట్టే పోస్టు ఇంటర్వ్యూకి పిలిచారు. నాది బీకామ్. నిఫ్ట్ లాంటి ఫ్యాషన్ కాలేజీలో చదవకపోతే తీసుకోరా? రాత్రి డ్యూటీలు ఉంటాయంటున్నారు, నిజమేనా? టెన్షన్‌గా ఉంది.

జవాబు:
స్టోర్‌లో చేసే పోస్టుకు కోర్సు లేకపోయినా తీసుకుంటారండీ, నేనూ అలాగే వచ్చాను. మీరు పెట్టిన డిస్‌ప్లేల ఫోటోలు, మార్చక ముందువీ మార్చాకవీ పక్కపక్కన పెట్టి తీసుకెళ్లండి. మీ ఓనర్‌ని అడిగే తీయండి.

చాలాచోట్ల ఒక టేబుల్, ఒక బొమ్మ చూపించి సెట్ చేయమంటారు. చేశాక "ఈ షర్టే ఎందుకు వేశారు?" అని అడుగుతారు. కలర్ బాగుందంటే సరిపోదు. చీరల షాపులో బొమ్మ మీది చీర అమ్ముడైతే ఇంకోటి కడతాం, అయిపోతుంది. రెడీమేడ్‌లో అలా కుదరదు. బొమ్మ మీదిది చూసి కస్టమర్ తన సైజు అడుగుతాడు. లోపల లేకపోతే బొమ్మకున్నది విప్పి ఇవ్వాలి, డిస్‌ప్లే పాడవుతుంది. అందుకే చెయ్యి పెట్టేముందు "దీంట్లో అన్ని సైజులూ ఉన్నాయా?" అని మీరే అడగండి. నా మటుకు నేను ఆ ఒక్క ప్రశ్న అడిగినవాళ్లనే తీసుకుంటాను.

ఇంకోటి, ఏది ఎక్కడ పెట్టాలో హెడ్డాఫీసు నుంచి ప్లానోగ్రామ్ వస్తుంది. ఒక్కోసారి మన ఊరికి నప్పదు. డిసెంబరులో లావుపాటి జాకెట్లు విండోలో పెట్టమంటారు, మన చలికి అవి ఎవరు కొంటారు చెప్పండి! అయినా సొంతంగా మార్చేయొద్దు. ఫోటో తీసి, బదులుగా ఏం పెడితే బాగుంటుందో రాసి ఏరియా వీఎంకి పంపండి.

రాత్రి పని నిజమే. మాల్ మూశాకే విండో మారుస్తారు. మీకు ఆషాఢం సేల్ ఎలాగో, ఇక్కడ జులైలో, జనవరిలో సీజన్ ఎండ్ సేల్ అలాగ. పని అయ్యేసరికి మెట్రో ఉండదు, క్యాబ్ ఇస్తారో లేదో ముందే అడగండి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అండీ. లైటింగ్ గురించి కూడా అడుగుతారా? మా దగ్గర ఎలక్ట్రీషియనే చూసుకుంటాడు.

మరొకరు:
నన్నడిగారు. లైటు బొమ్మ ముఖం మీద కాదు, బట్ట మీద పడాలి. నెత్తి మీద నుంచి నిలువుగా వేస్తే నీడలు పడతాయి, కాస్త ముందు నుంచి ఏటవాలుగా వేయాలి. 3000 కెల్విన్ లైటు పసుపుగా ఉంటుంది, జరీ మెరుస్తుంది. రంగులు ఉన్నవి ఉన్నట్టు కనపడాలంటే సీఆర్ఐ (లైటు రంగుల్ని ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే నంబరు) 90 పైన ఉండాలి. ఇంతవరకు తెలిస్తే చాలు. నాకైతే టేబుల్ టెస్ట్ పెట్టలేదు, ఫోటోలు చూసే ఓకే చేశారు.

ఆఫర్ లెటర్‌లో హోదా ఏమని ఉందో మాత్రం చూసుకోండి అక్కా. వీఎం అని తీసుకుని, వీకెండ్ అంతా బిల్లింగ్‌లో నిలబెట్టే షాపులూ ఉన్నాయి.