సస్పెన్షన్, చార్జి మెమో, టీసీ: సంతకం పెట్టే ముందు ఏం అడగవచ్చు? విశాఖ వారి అనుభవాలు

గాజువాక లెక్కల మాస్టారు:
అందరికీ నమస్కారం. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం స్కూల్ అసిస్టెంట్‌ను. ఎనిమిదో తరగతి అబ్బాయిని కొట్టానని ఫిర్యాదు వెళ్ళడంతో, ఒకరోజు ఆఖరి పీరియడ్ నడుస్తుండగా ఒక అధికారి మా బడికి వచ్చారు. నన్ను హెచ్‌ఎం గదికి పిలిపించి, ఫిర్యాదు చూపించకుండానే ఒక తెల్ల కాగితం ముందు పెట్టి, "రెండు ముక్కలు రాసి ఇచ్చేయండి మాస్టారూ, ఇక్కడితో అయిపోతుంది" అన్నారు. "పొరపాటు జరిగింది, మన్నించగలరు" అని వారు చెప్పిన మాటలే రాసి సంతకం చేశాను. పది రోజులకు సస్పెన్షన్ ఉత్తర్వు అందింది. నాలుగు నెలలు దాటినా చార్జి మెమో రాలేదు. నేను రాసి ఇచ్చిన కాగితం నకలు కూడా నా దగ్గర లేదు. ఈ దశ దాటి వచ్చినవారు ఏం చేశారో దయచేసి చెప్పండి.

మహారాణిపేట రిటైర్డ్ సూపరింటెండెంట్:
మాస్టారూ, ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో ఏళ్ళ తరబడి ఇటువంటి ఫైళ్ళే నడిపాను కనుక ఆఫీసు వైపు నుంచి చెబుతాను. మీకు వర్తించేవి 1991 నాటి ఆంధ్రప్రదేశ్ సివిల్ సర్వీసుల సీసీఏ (వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు) నిబంధనలు. వాటి ప్రకారం సస్పెన్షన్ శిక్ష కాదు. విచారణకు అడ్డు రాకుండా ఉద్యోగిని పక్కన పెట్టడం మాత్రమే. శిక్ష వేయాలంటే రెండు దారులున్నాయి. చిన్న శిక్షకు 22వ నిబంధన కింద ఆరోపణ తెలియజేసి, మీ సంజాయిషీ తీసుకుని, దానిని పరిశీలించాలి. పెద్ద శిక్షకు 20వ నిబంధన కింద అభియోగాలు, వాటి వివరణ, ఆధారపడే పత్రాల జాబితా, సాక్షుల జాబితా, ఈ నాలుగూ జతచేసిన చార్జి మెమో ఇచ్చి పూర్తి విచారణ జరపాలి. ఈ నాలుగింటిలో ఏది లేకపోయినా జవాబు రాయడానికి కూర్చోకండి. ముందు అది ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి.

మూడు నెలల్లోగా చార్జి మెమో ఇవ్వకపోతే సస్పెన్షన్ అంతకు మించి సాగకూడదని సుప్రీంకోర్టు 2015లో అజయ్ కుమార్ చౌదరి కేసులో చెప్పింది. ఆ తీర్పును ఉదహరిస్తూ మళ్ళీ విధుల్లోకి తీసుకోమని అర్జీ పెట్టండి. అర్జీని ఎవరి చేతికో ఇచ్చి రాకుండా తపాలా సెక్షన్‌లో ఇచ్చి, మీ నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర లేని అర్జీ ఏ ఫైల్లోకీ చేరదు. ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవారు తక్కువ.

ఇంకొక విషయం. సస్పెన్షన్‌లో ఉన్నంతకాలం సగం జీతం సెలవులో వచ్చేంత మొత్తం, దాని మీద కరవు భత్యం మీకు రావాలి. వేరే ఉద్యోగం చేయడం లేదని ధ్రువీకరణ ఇస్తూ ఉండండి. ఈ జీవన భృతి ఇవ్వకపోవడం వల్ల ఉద్యోగి విచారణకు హాజరు కాలేకపోతే ఆ విచారణ చెల్లదని 1999లో పాల్ ఆంటోనీ కేసులో తేల్చారు.

కంచరపాలెం అమ్మ:
ఇక్కడ అందరూ ఉపాధ్యాయుల గురించే మాట్లాడుతున్నారు కనుక పిల్లల సంగతి కూడా చెప్పాలనిపించింది. మా అబ్బాయి ఏడో తరగతిలో ఉండగా ఒక టీచరు గారి పర్సులో డబ్బులు పోయాయి. ఆ గంటలో నీళ్ళ సీసా కోసం తరగతి గదిలోకి వెళ్ళింది మావాడేనని వాడి మీద పెట్టారు. నన్ను పిలిపించి, "పోలీసుల దాకా ఎందుకమ్మా, టీసీ తీసుకెళ్ళిపోండి" అన్నారు. వాడి లెక్కల నోట్సులోంచే ఒక పేజీ చించి ఇచ్చి, "సొంత కారణాల వల్ల వేరే బడికి మార్చుకుంటున్నాము" అని రాయించారు. కాగితం వెనకవైపు వాడు సగం చేసి వదిలేసిన భిన్నాల లెక్క ఉంది. నా చూపు ఆ లెక్క మీదే నిలిచిపోయింది కానీ, ముందువైపు నేను ఏం రాస్తున్నానో తోచలేదు.

తరువాత తెలిసింది, విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు పిల్లలను బడి నుంచి పంపించివేయడానికి వీలే లేదని. 2019 సవరణ వల్ల 5, 8 తరగతుల్లో తప్పినవారిని అదే తరగతిలో ఉంచడానికి రాష్ట్రాలకు వీలు కలిగింది కానీ, పంపివేయకూడదన్న మాట చెక్కుచెదరలేదు. అందుకే నా చేత "సొంత కారణాలు" అని రాయించుకున్నారు. పంపించినట్లు రాస్తే వారిది తప్పవుతుంది, నేనే తీసుకెళ్ళినట్లు రాస్తే ఎవరిదీ కాదు.

ఎండాడ వకీలు:
అమ్మా, మీరు సరిగ్గా పట్టుకున్నారు. అటువంటి సందర్భంలో 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు, అంటే నగరంలో కార్పొరేషన్‌కు, రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. ఇరుపక్షాలకూ చెప్పుకొనే అవకాశం ఇచ్చి మూడు నెలల్లో తేల్చాలి. అక్కడ న్యాయం జరగలేదనిపిస్తే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు ఉంది.

తొమ్మిది, పది తరగతుల పిల్లలకు 16వ సెక్షన్ రక్షణ ఉండదు. అక్కడ పనికివచ్చేది సహజ న్యాయ సూత్రమే, అంటే మాట వినకుండా శిక్షించకూడదన్నది. 1954 ఇంటర్మీడియట్ పరీక్షలో అక్రమాలకు పాల్పడ్డారంటూ ముగ్గురు విద్యార్థుల ఫలితాలను ఉత్తరప్రదేశ్ బోర్డు కమిటీ వారి మాట వినకుండానే రద్దు చేస్తే, వినకుండా అలా చేయకూడదని సుప్రీంకోర్టు 1962లో చెప్పింది. అయితే 1970లో బీహార్ బోర్డు కేసులో ఒక కేంద్రమంతటా మూకుమ్మడి కాపీయింగ్ జరిగిందని తేలినప్పుడు, పరీక్షనే రద్దు చేయడానికి ఒక్కొక్కరినీ విడిగా వినక్కరలేదని అదే కోర్టు అంది. నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు మొదటి తీర్పునే తలుచుకుంటారు. మీ పిల్లవాడి పేరు పెట్టి నింద వేశారా, కేంద్రం మొత్తాన్ని పక్కన పెట్టారా అన్నది ముందు చూసుకోవాలి.

పెందుర్తి తెలుగు టీచర్:
మా విచారణ సంగతి చెబుతాను. విచారణాధికారి నివేదిక నాకు ఇవ్వకుండానే, రెండు ఇంక్రిమెంట్లు "క్యుములేటివ్ ఎఫెక్ట్‌తో" నిలిపివేస్తూ ఉత్తర్వు వచ్చింది. రెండు ఇంక్రిమెంట్లే కదా అని తోటివారు ఓదార్చారు. కానీ ఆ రెండు మాటలు ఉంటే కోత పదవీ విరమణ దాకా, పింఛను దాకా వెంటాడుతుంది. అవి లేకపోతే అది చిన్న శిక్ష, ఉంటే పెద్ద శిక్ష. నివేదిక ప్రతి ఉద్యోగికి ఇవ్వాలని 1990లో రంజాన్ ఖాన్ కేసులోనూ, 1993లో మన హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ ఈసీఐఎల్‌కు సంబంధించిన కరుణాకర్ కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పిందని అప్పీలులో రాశాను. ఉత్తర్వు పక్కన పెట్టి, నివేదిక ఇచ్చి, మళ్ళీ మొదలుపెట్టారు.

నివేదిక చూశాకే అసలు విషయం బయటపడింది. నేను బడికి రాలేదని అందులో రాసిన రోజున మండల స్థాయి శిక్షణలో ఉన్నాను. అక్కడి హాజరు పట్టీలో నా సంతకం ఉంది. నివేదిక చేతికి రాకపోతే ఆ తేదీ సంగతే నాకు తెలిసేది కాదు.

ఎండాడ వకీలు:
టీచర్ గారికి కలిసివచ్చింది ఆ తేదీ. నివేదిక ఇవ్వలేదన్న ఒక్క కారణంతోనే శిక్ష దానంతట అది ఎగిరిపోదు. ఇవ్వకపోవడం వల్ల మీకు ఏం నష్టం జరిగిందో చూపాలని కరుణాకర్ తీర్పులోనే ఉంది. ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసు కేసులు చూసే రాష్ట్ర ట్రిబ్యునల్ రద్దయ్యాక ప్రతిదానికీ అమరావతిలోని హైకోర్టుకే వెళ్ళాలి కనుక, మన ఊరి నుంచి రాత్రి బస్సెక్కే ముందు ఇటువంటి పత్రం చేతిలో ఉందో లేదో చూసుకోవడం మంచిది.

కంచరపాలెం అమ్మ:
లెక్కల మాస్టారూ, తప్పుగా అనుకోకండి. ఆ ఎనిమిదో తరగతి అబ్బాయి మాట ఎవరైనా రాసుకున్నారా?

గాజువాక లెక్కల మాస్టారు:
అమ్మా, మీరు అడగవలసిన ప్రశ్నే అడిగారు. కొట్టలేదని నేను అనను. స్కేలుతో అరచేతి మీద ఒక దెబ్బ వేశాను. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ దానిని నిషేధించింది, అతిక్రమించినవారి మీద సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలని కూడా అందులోనే ఉంది. ఆ చర్య తప్పించుకోవడానికి నేను ఇక్కడ రాయలేదు. వేలు విరిగిందని ఫిర్యాదులో ఉన్నట్లు సిబ్బంది ద్వారా విన్నాను. మర్నాడు ఆ పిల్లవాడు అదే చేత్తో యూనిట్ టెస్టు రాశాడు. నేను చేసినదానికి, చేయనిదానికి మధ్య ఉన్న తేడా ఎక్కడో ఒకచోట కాగితం మీదకు రావాలి కదా.

(మూడు వారాల తరువాత)
పెద్దలు చెప్పినట్లే అర్జీ ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. విధుల్లోకి తీసుకోవడం గురించి జవాబు రాలేదు కానీ చార్జి మెమో వచ్చింది. జతచేయవలసిన నాలుగూ ఉన్నాయి. పత్రాల్లో మొదటిది నేను ఆ సాయంత్రం రాసి ఇచ్చిన కాగితమే. సాక్షులు ఐదుగురు, అందరూ పెద్దవారే. ఆ అబ్బాయి పేరు లేదు. వాడిని వాళ్ళమ్మ పక్కన ఉండగా, నేను ఎదురుగా లేకుండా అయినా సరే, అడిగి రాసుకోమని నా జవాబులో కోరుతున్నాను. వాడి టెస్టు జవాబు పత్రం తెప్పించమని కూడా రాశాను. వకీలు గారూ, ఈ కోరికను జవాబులోనే పెట్టాలా, విచారణాధికారిని నియమించాక వేరుగా ఇవ్వాలా?

ఎండాడ వకీలు:
రెండు చోట్లా ఇవ్వండి. రెండిటికీ ముద్ర వేయించుకోండి.