కేబుల్ పొడిగించాక పీటీ100 రీడింగ్ ఎక్కువ చూపిస్తోంది

ప్రశ్న: వేడినీళ్ల ట్యాంకుకి పీటీ100 (వేడిని కొలిచే ప్లాటినం సెన్సర్) ఉంది. ప్యానెల్ దూరంగా మార్చి కేబుల్ పొడిగించాక 4 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. సెన్సర్ పోయిందంటారా?

జవాబు: కొత్తది కొనకండి, ఆగండి. ఎన్ని వైర్లు?

ప్రశ్న: రెండేనండి.

జవాబు: అయితే దొంగ దొరికినట్టే. పీటీ100 అంటే 0 డిగ్రీల దగ్గర దాని నిరోధం (రెసిస్టెన్స్) 100 ఓంలు. డిగ్రీకి సుమారు 0.385 ఓం పెరుగుతుంది. కేబుల్ ఇంకో 1.5 ఓం కలిపితే ప్యానెల్ దాన్నీ వేడి కిందే లెక్కేస్తుంది. సెన్సర్ హెడ్ నుంచి మూడో వైరు లాగండి, మూడూ ఒకే మందంలో. ప్యానెల్‌లో త్రీ వైర్ సెట్టింగ్ పెట్టండి, అప్పుడు కేబుల్ ఓంలని అదే తీసేసి లెక్కేస్తుంది. ఆఫ్‌సెట్‌తో (రీడింగ్ నుంచి ఎప్పుడూ ఒకే అంకె తీసేసి) సరిపెట్టేయమనేవాళ్లు ఉంటారు, వినకండి. కేబుల్ వేడెక్కితే మళ్లీ తేడా వస్తుంది.

మరొకరు: దీని బదులు థర్మోకపుల్ (రెండు వేర్వేరు లోహాల తీగలతో వేడిని కొలిచే సెన్సర్) వేసేయొచ్చుగా?

జవాబు: కొలిమికైతే సరే. నీళ్లకెందుకు? కచ్చితత్వం తగ్గుతుంది, కేబుల్ కూడా దానికి తగ్గదే వేయాలి.