హమ్ (స్పీకర్‌లో బుయ్యిమనే మోత) పోవాలంటే ప్లగ్గులో ఎర్త్ పీకేయొచ్చా?

నల్లకుంట జాయ్‌స్టిక్:
మూసేసిన ఒక గేమ్ పార్లర్ నుంచి పాత ఆర్కేడ్ క్యాబినెట్ కొన్నాను. లోపల జామా వైరింగ్ (గేమ్ బోర్డును క్యాబినెట్‌కు కలిపే మామూలు కనెక్టర్ పద్ధతి), మల్టీగేమ్ బోర్డు, 20 అంగుళాల పిక్చర్ ట్యూబ్ మానిటర్ ఉన్నాయి. దాని స్పీకర్ చాలక, బోర్డు మీదున్న హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి హోమ్ థియేటర్‌కు వైరు లాగాను. అప్పటినుంచి బుయ్యిమని ఒకటే మోత. బొమ్మ అంచులు కూడా వణుకుతున్నాయి, మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద గాలి ఆడినట్టు.

ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గు విప్పి పచ్చ వైరు పీకేశాడు. మోత టక్కున ఆగింది. వణుకు మాత్రం అలాగే ఉంది. నిన్న సాయంత్రం మా ఎనిమిదేళ్ల పాప "నాన్నా, ఈ తలుపు ముట్టుకుంటే చెయ్యి జుమ్మంటోంది" అని కాయిన్ డోర్ చూపించింది. టెస్టర్ పెడితే వెలిగింది. ఇలా వాడొచ్చా? మళ్ళీ వైరు కలిపితే మోత వస్తుంది, అదే టెన్షన్.

కూకట్‌పల్లి కన్సోల్:
అన్నా, నేను నాలుగేళ్లుగా ఎర్త్ లేకుండానే ఆడుతున్నాను. టీవీ, సెట్‌టాప్ బాక్స్, ఫోన్ ఛార్జర్ అన్నీ రెండు పిన్నులవే కదా, వాటికేమైంది? మా అపార్ట్‌మెంట్‌లో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటర్ పెడితే 18 వోల్టులు చూపిస్తోంది. అలాంటి ఎర్త్ కలిపితే చెత్తంతా మన ఆంప్లిఫయర్‌లోకే వస్తుంది. ఆ జుమ్మనడం ఏ ఎస్‌ఎంపీఎస్‌కైనా, అంటే లోపలి పవర్ సప్లై డబ్బాకైనా, ఉంటుంది, దాంతో ప్రాణం పోదు. కావాలంటే కింద రబ్బరు మ్యాట్ వేయండి.

అల్వాల్ సోల్డర్:
తమ్ముడూ, ఈ ఒక్క మాట నేను ఒప్పుకోను. టీవీ, ఛార్జర్ రెండు పిన్నులతో బతికేది వాటిని అలా తయారుచేశారు కాబట్టి. లోపల రెండు పొరల ఇన్సులేషన్ ఉంటుంది, ఒంటికి తగిలే భాగమంతా ప్లాస్టిక్. ఛార్జర్ మీద చదరంలో చదరం గుర్తు అందుకే వేస్తారు. క్యాబినెట్ అలాంటిది కాదు. కాయిన్ డోర్ ఇనుము, ఎస్‌ఎంపీఎస్ డబ్బా ఇనుము, రెంటినీ కలుపుతూ ఒక వైరు.

జుమ్మనడం ఎందుకంటే, ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు డబ్బాకు కలిసి ఉంటాయి. నాయిస్‌ను ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్త్ పీకేస్తే ఆ డబ్బా 230లో సగం, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతుంది. కరెంటు ఒక మిల్లీ ఆంపియర్ కూడా ఉండదు కాబట్టి ఇవాళ పాపకు జుమ్మంది, అంతే. రేపు లోపల ఒక ఫేజ్ వైరు ఒరుసుకుని డబ్బాకు తగిలిందనుకోండి, తలుపు మీదికి 230 వస్తుంది. ఎర్త్ ఉంటే ఆ క్షణమే ఫ్యూజో ఎమ్‌సీబీయో పడిపోయేది. లేకపోతే అది పడదు, ఎవరో ముట్టుకునేదాకా తెలియదు. రబ్బరు మ్యాట్ మీద నిలబడిన పిల్ల రెండో చేత్తో పక్కనున్న ఇనుప కిటికీ పట్టుకుంటే మ్యాట్ ఏం చేస్తుంది?

నల్లకుంట గారూ, ముందు ఆ క్యాబినెట్ ప్లగ్గు తీసేయండి. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

సైదాబాద్ స్పీకర్:
సోల్డర్ అన్న చెప్పింది నిజం. కానీ మోత ఎక్కడిదో చెప్పకపోతే జనం మళ్ళీ కట్టరే తీస్తారు. మీ హోమ్ థియేటర్‌కు సెట్‌టాప్ బాక్స్ కలిపారా? కలిపితే దానికి కేబుల్ టీవీ వైరు ఉంటుంది, ఆ వైరు జాలీ (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) కేబుల్ వాళ్ల లైన్ దగ్గర ఎక్కడో ఎర్త్ అయి ఉంటుంది. క్యాబినెట్‌కు ఎర్త్ మీ గోడ ప్లగ్గు నుంచి వస్తుంది. రెండు ఎర్త్‌ల మధ్య కొద్దిపాటి వోల్టేజీ తేడా ఉన్నా, మీ ఆడియో వైరు జాలీ గుండా కరెంటు పారుతుంది. అదే మీరు వినే 50 హెర్ట్జ్. ఒక పని చేయండి, ఎర్త్ కలిపి, కేబుల్ టీవీ పిన్ను మాత్రం సెట్‌టాప్ నుంచి పీకి చూడండి.

నల్లకుంట జాయ్‌స్టిక్:
పచ్చ వైరు నేనే మళ్ళీ బిగించాను. మోత వచ్చింది. కేబుల్ పిన్ను తీశాను, పూర్తిగా ఆగింది! క్యాబినెట్‌ను చేతితో కూడా ముట్టుకోలేదు. ఇన్నాళ్లూ దీన్నే తప్పుపట్టాను.

సైదాబాద్ స్పీకర్:
అయితే మందు సులువు. కోఠి గుజరాతీ గల్లీలో ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ అడగండి, 600 ఓమ్స్‌కు 600 ఓమ్స్. హెడ్‌ఫోన్ సాకెట్‌కూ హోమ్ థియేటర్‌కూ మధ్య పెట్టండి. పాట దాటుతుంది, ఎర్త్ దాటదు. తెంపాల్సిన చోటు అది, ప్లగ్గు కాదు. ఇంకో మాట, జామా కనెక్టర్‌లోని స్పీకర్ పిన్నుల నుంచి మాత్రం ఇలా లాగకండి. చాలా బోర్డుల్లో స్పీకర్ మైనస్ గ్రౌండ్ కాదు, దాన్ని గ్రౌండ్‌కు కలిపితే ఐసీ పోతుంది.

కూకట్‌పల్లి కన్సోల్:
సరే, ఈ ఇంట్లో కేబుల్ వైరు దొరికింది. బొమ్మ వణుకు సంగతేంటి? అదీ ఎర్త్ వల్లేగా? అమెరికా వాళ్ల వీడియోల్లో గ్రౌండ్ బాగోలేకపోతే నల్ల పట్టీ మెల్లగా పైకి పాకుతుందని చూపిస్తారు.

అల్వాల్ సోల్డర్:
ఎర్త్ తీసినా వణుకు పోలేదని మొదటి పోస్టులోనే ఉంది, అంటే దానికీ ఎర్త్‌కూ సంబంధం లేదు. ఆ వీడియోల లెక్క మనకు కుదరదు. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, గేమ్ బొమ్మ కూడా దాదాపు 60. రెంటి మధ్య తేడా తక్కువ కాబట్టి పట్టీ మెల్లగా పాకుతుంది. మన కరెంటు 50. తేడా పది, అందుకే మనకు సెకనుకు పదిసార్లు వణుకుతుంది. పాకే పట్టీ కోసం చూస్తే ఇక్కడ ఎప్పటికీ దొరకదు.

వెనక తలుపు తీసి ఒకటి చూసి చెప్పండి. 220ని 110 చేసే ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ బిగించి ఉంది? చూడడమే, మానిటర్ మీద చెయ్యి వేయకండి. ట్యూబ్ మీద ఎర్ర రబ్బరు టోపీ దగ్గర వేల వోల్టులుంటాయి, ఆఫ్ చేశాక కూడా చాలాసేపు నిలుస్తాయి.

నల్లకుంట జాయ్‌స్టిక్:
ట్యూబ్ మెడకు సరిగ్గా కింద, చెక్క పలక మీద. జానెడు దూరం కూడా లేదు.

అల్వాల్ సోల్డర్:
దొరికింది. దాని అయస్కాంత క్షేత్రం ట్యూబ్‌లోని కిరణాన్ని లాగుతోంది. ప్లగ్గు తీసి, మంచి ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని దాన్ని క్యాబినెట్ అడుక్కి దించండి. వైర్లు మెలిపెట్టి తీసుకెళ్లండి, వీడియో వైర్ల పక్కన మాత్రం వద్దు. ట్రాన్స్‌ఫార్మర్ బాగా వేడెక్కుతోంది కదా అని తీసి పారేయకండి. పాత మానిటర్లలో చాలావాటికి మెయిన్స్ నుంచి విడిగా ఉంచేది అదొక్కటే. అది ఉత్త 220–110 ఆటో ట్రాన్స్‌ఫార్మరో (ఒకే చుట్ట ఉండేది, మెయిన్స్ నుంచి విడదీయదు), విడి చుట్టలున్నదో కూడా మీటర్‌తో చూపించుకోండి. ఆటో అయితే మార్చాల్సిందే.

నల్లకుంట జాయ్‌స్టిక్:
ఇవాళ అయింది. మీటర్ పెట్టి చూశారు, విడి చుట్టలదే. అడుక్కి, మూడడుగుల కిందకి దించాం. ఆన్ చేయగానే పాప "అక్షరాలు కదలట్లేదు" అంది. స్కోరు అంకెలు రాయి మీద చెక్కినట్టున్నాయి. ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ కూడా పెట్టాను, కేబుల్ పిన్ను తిరిగి గుచ్చాను. చెవి స్పీకర్‌కు ఆనిస్తే తప్ప ఏమీ వినిపించదు. బాస్ కొంచెం పలచబడింది, అది మాత్రం నిజం.

కూకట్‌పల్లి కన్సోల్:
మీ ఇంటికి బాగుంది, సంతోషం. నా 18 వోల్టుల మాటకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. పాడైన ఎర్త్ కలిపి ఏం లాభం?

అల్వాల్ సోల్డర్:
నీ ప్రశ్న న్యాయమైనదే. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఒకటి రెండు వోల్టులుంటే మామూలు, 18 మంచిది కాదు. న్యూట్రల్ ఎక్కడో వదులైనా అయి ఉండొచ్చు, ఎర్త్ గుంత ఎండిపోయైనా ఉండొచ్చు. అది నీ ఒక్కడి క్యాబినెట్ సమస్య కాదు, ఆ బిల్డింగ్‌లో ప్రతి గీజరూ వాషింగ్ మెషీనూ దాని మీదే ఉన్నాయి. ఈలోగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై కట్ చేసే స్విచ్) పెట్టించు. ఎర్త్ సరిగా లేకపోయినా అది పనిచేస్తుంది. కాకపోతే అప్పుడు అది పడేది కరెంటు మనిషి గుండా పోయాకే, అందుకే ఎర్త్ కూడా కావాలి. గుంత చివరిసారి ఎప్పుడు తడిపారో అడిగావా?

కూకట్‌పల్లి కన్సోల్:
వాచ్‌మన్‌ను ఇప్పుడే అడిగాను. గుంత పార్కింగ్‌లో ఉందట, దాని మూత మీద ఎవరిదో స్కూటర్ ఉంది. ఆదివారం తీయించి, బకెట్ నీళ్లు పోయించి మళ్ళీ కొలుస్తాను. అప్పటిదాకా క్యాబినెట్ ప్లగ్గు తీసే ఉంచుతాను. రీడింగ్ ఇక్కడే పెడతాను అన్నా.