మిడ్‌వైఫరీ శిక్షణకు ఇంటర్వ్యూ: వెళ్లివచ్చినవాళ్లు మీ అనుభవం చెప్పండి

సిరిమల్లె:
అందరికీ నమస్కారం. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి, నాలుగేళ్లుగా ఒక ప్రభుత్వ ఆసుపత్రి లేబర్ రూంలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. 18 నెలల మిడ్‌వైఫరీ (మామూలు కాన్పులు స్వయంగా చూసే నర్సుల) శిక్షణకు దరఖాస్తు పెడితే ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. ఇంకా 12 రోజులే ఉంది. కాన్పు చేయమంటే చేస్తాను గానీ, నలుగురు పెద్దల ముందు కూర్చుంటే నాకు నోరు పెగలదు. పాత పుస్తకాలన్నీ ముందేసుకున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు. మిమ్మల్ని ఏం అడిగారో చెబితే పెద్ద మేలు చేసినవాళ్లవుతారు.

నల్లకలువ:
చెల్లీ, ముందుగా అభినందనలు. నేను రెండేళ్ల కిందట వెళ్లాను. కూర్చోగానే అడిగింది ఇదే: "ఉద్యోగం ఉంది కదా, మళ్లీ చదువు ఎందుకు?" సేవ చేయాలని ఉందన్నాను. ఆ మేడం కలం కింద పెట్టి, "సేవ ఇప్పుడూ చేస్తూనే ఉన్నారు కదమ్మా" అన్నారు. అప్పుడిక మనసులో ఉన్నది చెప్పేశాను.

ఒక రాత్రి తొలిచూలు అమ్మాయి నొప్పులు పడుతూ, కాసేపు లేచి నడుస్తానని బతిమాలింది. మంచం దిగవద్దన్నాం. వాళ్లమ్మను తలుపు బయటే ఉంచాం. సెలైన్ పెట్టి వెల్లకిలా పడుకోబెట్టాం. తెల్లవారుజామున సిజేరియన్ అయింది. ఆ ఆపరేషన్ అవసరమా కాదా అన్నది నేను తేల్చగలిగింది కాదు. కానీ ఆమెను నడవనిచ్చి, ఒకరు పక్కన కూర్చుని ఉంటే ఆ రాత్రి ఎలా గడిచేదో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలలేదు. ఇది చెప్పాక మిగతా ఇంటర్వ్యూ అంతా దీని మీదే నడిచింది. గర్భసంచి ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకున్నప్పుడు చేర్చుకున్నారు, బిడ్డ గుండె చప్పుడు ఎంతసేపటికి ఒకసారి విన్నారు, ఉమ్మనీరు ఏ రంగులో ఉంది అని ఒక్కొక్కటీ అడిగారు. కాబట్టి నీ చేతుల మీదుగా జరిగిన ఒక కాన్పును మొదటి నుంచి చివరి దాకా గుర్తుచేసుకుని వెళ్లు. పేరు, ఊరు మాత్రం బయటపెట్టవద్దు.

గోదావరి గట్టు:
పైన చెప్పింది అక్షరాలా నిజం. అయితే పాఠం కూడా గట్టిగా ఉండాలి. పార్టోగ్రాఫ్, అంటే కాన్పు ఎలా సాగుతోందో గీసి చూసే పత్రం గురించి తప్పకుండా అడుగుతారు. మనం నేర్చుకున్న పాత పత్రంలో 4 సెంటీమీటర్ల నుంచి గంటకు ఒక సెంటీమీటరు చొప్పున అలర్ట్ (హెచ్చరిక) గీత సాగుతుంది. దానికి నాలుగు గంటల కుడివైపున యాక్షన్ (ఇక ఏదో ఒకటి చేయాలని చెప్పే) గీత ఉంటుంది. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన లేబర్ కేర్ గైడ్‌లో ఆ గీతలు లేవు, రాయడం 5 సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుంది. నాకు అందులో బాగా నచ్చింది మరొకటి. పై భాగంలోనే నాలుగు గడులు ఉంటాయి: తోడుగా ఎవరైనా ఉన్నారా, నొప్పికి ఉపశమనం ఇచ్చారా, నోటితో ఏమైనా తాగుతోందా, ఏ భంగిమలో ఉంది. నల్లకలువ గారు చెప్పిన ఆ రాత్రికి ఈ పత్రం నింపి ఉంటే నాలుగు గడుల్లోనూ ఏం రాయాల్సి వచ్చేదో ఆలోచించండి. నన్ను అడిగినప్పుడు ఆ గడుల గురించే మాట్లాడాను.

ఇక రక్తస్రావం. బిడ్డ పుట్టిన నిమిషంలోపు, గర్భసంచి బిగుసుకునేలా చేసే ఆక్సిటోసిన్ 10 యూనిట్లు కండరానికి ఇవ్వాలి. బిడ్డ బాగుంటే బొడ్డుతాడు వెంటనే కత్తిరించకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగాలి. మామూలు కాన్పులో 500 మిల్లీలీటర్లు దాటితే ప్రమాదమని లెక్క, కంటితో వేసే అంచనా తక్కువగానే వస్తుంది. ఫిట్లకు మెగ్నీషియం సల్ఫేట్ గురించి అడిగితే మోతాదు చెప్పి ఊరుకోవద్దు. తర్వాతి మోతాదుకు ముందు మోకాలి రిఫ్లెక్స్ ఉందో లేదో, శ్వాస నిమిషానికి 16 కంటే తగ్గిందేమో, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లయినా వస్తోందో లేదో చూస్తామని చెప్పాలి. ఆ మందు ఎక్కువైతే విరుగుడు కాల్షియం గ్లూకోనేట్.

కిన్నెరసాని:
నాకు మొదటిసారి సీటు రాలేదు, రెండోసారి ఎంపికయ్యాను. ఎందుకు రాలేదో చెబుతాను, మీకు పనికొస్తుంది. ఒక గదిలో మంచం మీద బొమ్మ కాకుండా ఒక మేడం కూర్చుని ఉన్నారు. ఆమె నొప్పులు పడుతున్నట్టు నటిస్తారు, మనం లోపలికి వెళ్లి చూడాలి. నేను నేరుగా చేతులు కడుక్కుని, గ్లౌజులు తొడుక్కుని, "కాళ్లు మడవండమ్మా" అన్నాను. ఆమె పేరు అడగలేదు. నా పేరు చెప్పలేదు. పరీక్ష చేస్తున్నానని, చేయవచ్చా అని అడగలేదు. పరదా సగం తెరిచే ఉంది. రోజుకు పది కాన్పులు జరిగే చోట ఆరేళ్లు పనిచేస్తే చేతులు అలా అలవాటుపడిపోయాయి. బయటికి వచ్చాక ఆ పరదా గుర్తొచ్చి చాలా బాధపడ్డాను.

ఆ ఏడాదంతా డ్యూటీలో ప్రతి ఒక్కరినీ పేరుతో పిలవడం సాధన చేశాను. నొప్పి వస్తున్నప్పుడు ప్రశ్న వేయకుండా, అది తగ్గేదాకా ఆగి మాట్లాడటం నేర్చుకున్నాను. ఇంటర్వ్యూ కోసం మొదలుపెట్టినా, నా పనే మారిపోయింది. రెండోసారి స్టూలు దగ్గరికి లాక్కుని, ఆమె కళ్ల ఎత్తుకు కూర్చుని మాట్లాడాను.

తెల్లచీర:
అంకెలు కూడా చదువుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సిజేరియన్లు దేశంలో 21.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4, తెలంగాణలో 60.7. దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు 2018లో వచ్చాయి. ఈ కోర్సు ఎందుకు పుట్టిందో తెలియకుండా వెళ్తే ఎలా?

నల్లకలువ:
నిజమే. కానీ ఆ అంకెలు చెప్పి డాక్టర్ల మీదికి వెళ్లవద్దు. మాతో వచ్చిన ఒకామె అలాగే మాట్లాడింది. వెంటనే, "బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని తెలిసింది, ఏం చేస్తారు?" అని అడిగారు. నేనే చేస్తానంది. మామూలు గర్భాన్ని మామూలుగా సాగనివ్వడం మన పని. దారి తప్పుతోందని పసిగట్టి వేళకు డాక్టరును పిలవడం కూడా మన పనే. ఈ రెండోది కచ్చితంగా చెప్పాలి.

థేమ్స్ తీరం:
ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. ఇక్కడ నర్సుల నమోదు వేరు, మిడ్‌వైఫ్‌ల నమోదు వేరు. మన జీఎన్‌ఎంతో వచ్చి నర్సుగా నమోదైనంత మాత్రాన కాన్పులు చేయడానికి వీల్లేదు, దానికి మళ్లీ చదవాలి. ఇక్కడి ఇంటర్వ్యూల్లోనూ దయ, ధైర్యం, మాట తీరు లాంటివే తరచి చూస్తారు. "చూపించాను" అంటే ఎప్పుడు, ఎలా అని అడుగుతారు.

సిరిమల్లె:
అందరికీ చేతులెత్తి నమస్కారం. ఇంకో సందేహం. మా అమ్మమ్మ మంత్రసాని. చుట్టుపక్కల ఊళ్లలో పురుళ్లన్నీ ఆమే పోసేది. ఈ మాట చెబితే చిన్నచూపు చూస్తారా? ఇంగ్లిష్‌లోనే మాట్లాడాలా?

కిన్నెరసాని:
నిస్సంకోచంగా చెప్పు తల్లీ. కాకపోతే తేడా అడుగుతారు. అమ్మమ్మకు అనుభవమే చదువు, నీకు చదువు, నమోదు, బాధ్యత మూడూ ఉంటాయి. ఆమె దగ్గర నువ్వు చూసినది ఏమిటో చెప్పు. భాష విషయానికొస్తే, తెలుగులో చెప్పవచ్చా అని నేను ముందే అడిగాను, సరేనన్నారు. నీ నర్సు రిజిస్ట్రేషన్ గడువు ముగిసిందేమో మాత్రం ఇవాళే చూసుకో.

సిరిమల్లె:
నిన్న ఇంటర్వ్యూ అయింది. అమ్మమ్మ గురించి అడిగారు. నొప్పి వచ్చినప్పుడల్లా ఆమె అరచేత్తో నడుము కింద గట్టిగా అదిమి పట్టుకునేదని, నేనూ అదే చేస్తానని చెప్పాను. "చేసి చూపించు" అన్నారు. పక్కనున్న మేడం లేచి వీపు నా వైపు తిప్పి నిలబడ్డారు. ముందు ఆమె పేరు అడిగాను, ముట్టుకోవచ్చా అని అడిగాను.

ఆ తర్వాత బిడ్డ భుజం ఇరుక్కుంటే ఏం చేస్తావన్నారు. ముందు సాయానికి కేక వేస్తానని, తల్లి తొడలను పొట్ట మీదికి బాగా మడిచి, ముందరి కటి ఎముకకు కాస్త పైన ఒత్తుతామని, గర్భసంచి పైభాగాన్ని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ నొక్కమని చెప్పాను. తర్వాత వెళ్లేవాళ్లు ఇది కూడా చూసుకోండి. ఫలితం వచ్చే వారం చెబుతామన్నారు.