ఇల్లందులో పాత బొగ్గుబాయిల ఆనవాళ్లు ఎక్కడ చూడాలి?

బొగ్గుట్ట బిడ్డ:
మా తాత ఇల్లందు బాయిలో ఫిల్లర్. టబ్బుల్లోకి బొగ్గు ఎత్తీ ఎత్తీ ఆయన కుడి భుజం ఒక పక్కకి జారిపోయి ఉండేది. ఆయన పోయాక ట్రంకుపెట్టెలో ఒక ఇత్తడి బిళ్ల దొరికింది. దాని మీద నంబర్ ఒక్కటే ఉంది, పేరు లేదు. దసరా సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లి తాత తిరిగిన నేల చూపించాలని నా ఆశ. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

రైలు పిచ్చోడు:
కారేపల్లి నుంచి మొదలుపెట్టండి. ఇల్లందుకు లైను చీలేది అక్కడే. కంపెనీకి పేరిచ్చిన సింగరేణి ఊరు కూడా అటే.

రిటైర్డ్ సర్దార్:
అమ్మా, ఆ బిళ్ల జాగ్రత్త. మా బాయిలో దిగేటప్పుడు ఎవరి బిళ్ల వాళ్లు తీసుకునేవాళ్లం, పైకొచ్చాక బోర్డుకి తగిలించేవాళ్లం. షిఫ్టు అయ్యాక ఏదన్నా కొక్కెం ఖాళీగా కనిపిస్తే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. అది చూడగానే ఎంత టెన్షనో చెప్పలేను.

1871లో ఇక్కడ బొగ్గు కనిపెట్టింది విలియం కింగ్ దొర. తవ్వకం 1889లో మొదలైంది. మేం పని చేసిన పొరని ఇప్పటికీ కింగ్ సీమ్ అనే అంటారు. భద్రాచలం పోయే యాత్రికులు వంటకి పెట్టుకున్న పొయ్యిరాళ్లే అంటుకున్నాయని మా పెద్దోళ్లు చెప్పేవాళ్లు. ఆ కథ పిల్లలకి తప్పకుండా చెప్పు.

తర్వాత ఓపెన్‌కాస్టు, అంటే పైనుంచే నేల తవ్వి బొగ్గు తీసే గని వైపు తీసుకుపో. దూరం నుంచే ఒక గుట్ట చూపించి, ఇది పుట్టిన గుట్టా, పోసిన గుట్టా అని అడుగు. పోసిన గుట్ట నెత్తి చదునుగా ఉంటుంది, పక్కలు మెట్లుమెట్లుగా దిగుతాయి, చెట్లన్నీ ఒకే ఈడువి వరసల్లో ఉంటాయి. బొగ్గు కోసం తీసిన మట్టే అదంతా. పాత బాయిల మీద నేల కుంగిన చోట్లకి మాత్రం పోవద్దు. కంచె దాటనివ్వకు.

ఇంకో మాట. మలకట్ట (బొగ్గు కొట్టేవాడు), తట్టా చెమ్మస్ (బొగ్గెత్తే గంపా పారా) లాంటి బాయి మాటలు తెలిసిన ముసలోళ్లు ఇంకా కొందరున్నారు. వాళ్ల దగ్గర కూర్చుని ఫోన్‌లో రికార్డు చేసుకో. బాయి మూసినా యంత్రాలు ఎక్కడో ఒకచోట ఉంటాయి, ఆ మాటలు మాత్రం వాళ్లతోనే పోతాయి.

బొగ్గుట్ట బిడ్డ:
చాలా థాంక్స్ బాబాయ్. బిళ్ల బోర్డుకే తగిలించాలంటే, తాతది ఇంటికి ఎలా వచ్చింది?

రిటైర్డ్ సర్దార్:
రిటైరైన రోజు అడిగి తెచ్చుకుని ఉంటాడమ్మా. నేనూ అట్లనే తెచ్చుకున్నా.